చీటీ మీద ఖాళీగా ఉండే గడి

ల్యాబుకు వచ్చే ప్రతి పరీక్ష చీటీ మీద, రోగి పేరు, వయసు, ఓపీ నంబరు కింద ఒక గడి ఉంటుంది. కొన్ని ఆసుపత్రులు దానికి 'క్లినికల్ డీటెయిల్స్' అని పేరు పెడతాయి, కొన్ని 'ప్రొవిజనల్ డయాగ్నసిస్' అంటాయి. రోగికి ఏ జబ్బు ఉందని అనుమానిస్తున్నారో, ఈ పరీక్షతో ఏం తేల్చుకోదలచారో డాక్టరు రాయవలసిన చోటు అది. కర్నూలులో 32 ఏళ్లు ల్యాబ్ టెక్నీషియనుగా పనిచేసిన నా చేతుల మీదుగా లెక్కలేనన్ని చీటీలు పోయాయి; ఆ గడి నిండి వచ్చినవి మాత్రం చాలా తక్కువ. 'జ్వరం' అని ఒక్క మాట రాసి పంపినా, ఆ డాక్టరు ఎవరో మంచివాడని మాలో మేము అనుకునేవాళ్లం. అనవసర పరీక్షల గురించి పత్రికల్లో వచ్చేదంతా డబ్బు చుట్టూ, దోపిడీ చుట్టూ తిరుగుతుంది. అందులో నిజం లేదని నేననను. కానీ నేను కూర్చున్న చోటి నుంచి చూస్తే ఆ వ్యవహారమంతా ఈ ఖాళీ గడిలోనే కనబడుతుంది.

డీఎంఎల్‌టీ అనే ల్యాబ్ డిప్లొమా పూర్తి చేసి 1989లో మొదటి ఉద్యోగంలో చేరినప్పుడు మేము హిమోగ్లోబిన్‌ను సాలీ గొట్టంలో రంగు పోల్చి చూసేవాళ్లం, తెల్లకణాలను న్యూబావర్ చాంబర్‌లో పోసి మైక్రోస్కోపు కింద ఒక్కొక్కటిగా లెక్కపెట్టేవాళ్లం. ఒక సీబీపీ (రక్తకణాల పూర్తి లెక్క) శ్రద్ధగా చేయాలంటే అరగంట పట్టేది. పని అంత కష్టం కాబట్టి, రాత్రి పదకొండు గంటలకు చీటీ వస్తే, "సార్, ఇది ఇప్పుడే కావాలా, పొద్దున చేస్తే సరిపోతుందా?" అని అడిగే చనువు మాకుండేది, అడిగించుకునే ఓపిక డాక్టర్లకుండేది. ఆ మాటల్లోనే రోగి సంగతి కొంత తెలిసేది, గడి ఖాళీగా ఉన్నా పని జరిగిపోయేది. తరువాత యంత్రాలు వచ్చాయి. ఒక చుక్క రక్తం పీల్చుకుని నిమిషంలో 20కి పైగా అంకెలు అచ్చువేసి ఇచ్చే యంత్రం ముందు నిలబడి 'ఇది అవసరమా' అని అడిగేవాడెవడూ ఉండడు. పైగా చాలా చోట్ల ఆ యంత్రాన్ని ల్యాబు కొనదు. కంపెనీయే తెచ్చిపెట్టి, నెలకు ఇంత రీజెంటు (పరీక్షకు వాడే రసాయనం) కొనాలని ఒప్పందం రాయించుకుంటుంది. నెలాఖరుకు ఆ లెక్క నిండకపోతే యజమాని ముఖం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు.

పరీక్ష ఎక్కువ చేస్తే నష్టమేముంది, డబ్బు పోతే పోయింది, మనసుకు ధైర్యం వస్తుంది కదా అని చదువుకున్నవారు కూడా అంటారు. ఇక్కడే నార్మల్ రేంజి అనేదాని పుట్టుక గురించి కొంచెం చెప్పాలి. ఆరోగ్యంగా ఉన్న వందమంది రక్తం తీసి ఒక పరీక్ష చేస్తే వచ్చే అంకెల్లో, ఆ చివర రెండున్నర శాతాన్నీ ఈ చివర రెండున్నర శాతాన్నీ వదిలేసి, మధ్యలో ఉన్న 95 శాతాన్ని నార్మల్ అని వ్యవహరిస్తారు. అంటే ఏ జబ్బూ లేని మనుషుల్లో కూడా నూటికి ఐదుగురి అంకె గీత దాటే ఉంటుంది. లెక్క కట్టిన పద్ధతే అది. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు ఒకే ఆరోగ్యవంతుడికి చేస్తే, వాటిలో కనీసం ఒకటైనా గీత దాటే అవకాశం 64 శాతం. రిపోర్టులో ఆ అంకె పక్కన నక్షత్రం గుర్తు పడుతుంది, లేదా అది లావు అక్షరాల్లో వస్తుంది. ఆ నక్షత్రం చూసిన కుటుంబానికి ఆ రాత్రి నిద్ర ఉండదు.

మా బావ సంగతి చెబితే ఇది ఇంకా తేటగా అర్థమవుతుంది. ఆయనకు కోడుమూరు వైపు ఎరువుల అంగడి ఉంది. వయసు 50 దాటినా మనిషి రాయిలా ఉంటాడు. మంత్రాలయం రాఘవేంద్రస్వామి మీద భక్తి ఎక్కువ, ఏకాదశి నాడు మంచినీళ్లు కూడా ముట్టడు. కొన్నేళ్ల కిందట వాళ్ల ఊళ్లో ఒక ప్రైవేటు ఆసుపత్రి వారు శిబిరం పెట్టి, తక్కువ ధరకే అరవై పరీక్షల ప్యాకేజీ అని కరపత్రాలు పంచారు. పరగడుపున రమ్మన్నారు కాబట్టి, ఏకాదశి మరునాడు పొద్దున్నే, ద్వాదశి పారణ కూడా చేయకుండా వెళ్లి రక్తం ఇచ్చి వచ్చాడు. రిపోర్టులో బిలిరుబిన్, అంటే కామెర్లలో పెరిగే పసుపు పదార్థం, 2.1 అని వచ్చింది, పక్కన నక్షత్రం. శిబిరంలో ఉన్న కుర్రాడు 'లివర్ తేడాగా ఉంది, పెద్ద డాక్టరుకు చూపించండి' అన్నాడు.

అక్కడి నుంచి మొదలైంది. హెపటైటిస్ బి, సి పరీక్షలు చేశారు, ఏమీ లేదు. కడుపు స్కానింగ్‌లో లివర్ మీద చిన్న నీటితిత్తి కనబడింది. అటువంటివి ఎంతోమందికి ఉంటాయి, ఉన్నట్టు తెలియకుండానే జీవితం గడిచిపోతుంది. కానీ రిపోర్టు చివర 'సీటీతో పోల్చి చూడవలెను' అనే వాక్యం ఉంది. సీటీ తీశారు. ఒక్క కడుపు సీటీలో ఒంటికి తగిలే రేడియేషన్, పదుల నుంచి వందల దాకా ఛాతీ ఎక్స్‌రేలు తీసినంత ఉంటుందని అప్పుడు ఆయనకు ఎవరూ చెప్పలేదు, అడగాలని ఆయనకూ తెలియదు. ఈలోగా మా అక్క ఊరుకోక, కామెర్లకు పసరు పోసే ఒకాయన దగ్గరికి తీసుకువెళ్లింది. మూడు వారాలు ఉప్పూ నూనే లేని పథ్యం. మనిషి నాలుగు కిలోలు తగ్గాడు, తగ్గేసరికి క్యాన్సరేమోనని కొత్త భయం పట్టుకుంది. హైదరాబాదుకు బయలుదేరబోయే ముందు నాకు ఫోను చేశారు.

నేను డాక్టరును కాను, అందుకని తీర్పు చెప్పలేదు. రిపోర్టులన్నీ తీసుకుని, నాకు బాగా తెలిసిన ఒక పెద్ద ఫిజీషియన్ దగ్గరికి తీసుకువెళ్లాను. ఆయన స్కానింగుల సంచి పక్కన పెట్టి, మొట్టమొదటి రక్తపరీక్ష కాగితం ఒక్కటే చేతిలోకి తీసుకున్నారు. మొత్తం బిలిరుబిన్ 2.1లో డైరెక్టు, అంటే లివర్ శుద్ధి చేసిన భాగం, 0.3 మాత్రమే ఉంది. లివర్ దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ మామూలుగా ఉంది, హిమోగ్లోబిన్ మామూలుగా ఉంది. "రక్తం ఇచ్చే ముందురోజు ఏం తిన్నారు?" అని అడిగారు. బావ ఏకాదశి సంగతి చెప్పాడు. ఆయన నవ్వి, "మీకున్నది గిల్బర్ట్ సిండ్రోమ్. పుట్టుకతో వచ్చేది, ఉపవాసం ఉంటే బిలిరుబిన్ పెరుగుతుంది, తింటే తగ్గుతుంది. మందు లేదు, మందుతో పనీ లేదు" అన్నారు. ఫ్రాన్సులో అగస్టిన్ గిల్బర్ట్ అనే వైద్యుడు 1901లోనే దీన్ని వర్ణించాడట. నిర్ధారణకు కావలసిన అంకెలన్నీ మొదటి రోజు కాగితంలోనే ఉన్నాయి. ఆ తరువాత చేసిన పరీక్షల్లో ఒక్కటీ ఆ ప్రశ్న అడగలేదు, ఎందుకంటే ప్యాకేజీ చీటీలో ప్రశ్న అనేదే ఉండదు. బావ ఆ నాలుగు నెలల్లో ఖర్చు పెట్టింది ఒక పంటకాలం వేరుశనగ పెట్టుబడికి సరిపోయేంత.

ఇతరుల తప్పులు చెబుతున్నాను కాబట్టి నా తప్పు కూడా చెప్పుకోవడం ధర్మం. అది విడాల్ పరీక్ష. జ్వరాల కాలం వచ్చిందంటే కర్నూలు, ఆదోని, ఎమ్మిగనూరు, డోన్ ఎక్కడైనా సరే, 'టైఫాయిడ్ పాజిటివ్' అనే మాట వినబడని వీధి ఉండదు. ఫెర్నాండ్ విడాల్ 1896లో దీన్ని ప్రవేశపెట్టినప్పుడు అది గొప్ప సంగతే. రోగి సీరంలో (రక్తం గడ్డకట్టాక మిగిలే తేట ద్రవంలో) టైఫాయిడ్ క్రిమిని అంటించి ముద్దకట్టించే యాంటీబాడీలు ఉన్నాయా లేదా, ఉంటే ఎంతవరకు పలుచన చేసినా ఇంకా పనిచేస్తున్నాయి అని చూడటమే ఆ పరీక్ష. చిక్కేమిటంటే ఆ యాంటీబాడీలు జ్వరం మొదలైన వారం తరువాత గాని సరిగా పెరగవు. పెరిగినవి జబ్బు తగ్గాక కూడా చాలాకాలం ఉంటాయి. ఎప్పుడో టీకా వేయించుకున్నా, మలేరియా వచ్చినా, మరో ఇన్ఫెక్షన్ వచ్చినా కూడా ముద్దకట్టవచ్చు. టైఫాయిడ్ మామూలుగా తిరిగే మన ప్రాంతాల్లో ఏ జ్వరమూ లేని మనిషి రక్తంలో కూడా 1:80 పలుచన దాకా కనబడటం వింతేమీ కాదు. అందుకే పుస్తకాలు పది రోజుల ఎడంతో రెండుసార్లు చేసి, నాలుగు రెట్లు పెరిగిందో లేదో చూడమంటాయి. ఈ ముప్ఫై ఏళ్లలో రెండోసారి చేయించుకోవడానికి వచ్చిన రోగులను వేళ్ల మీద లెక్కపెట్టగలను.

మరి నా తప్పు ఏమిటంటే, జ్వరం వచ్చిన రెండో రోజునే పల్లె నుంచి ఆర్ఎంపీ (డిగ్రీ లేని ఊరి వైద్యుడు) పంపిన రోగికి నేను 1:80 అని రాసి, దాని పక్కన 'పాజిటివ్' అనే మాట చేర్చేవాణ్ని. అంకె అబద్ధం కాదు. ఆ మాట మాత్రం నేను రాయకూడనిది. నెగటివ్ రిపోర్టులు ఎక్కువైతే ఆ ఆర్ఎంపీ రోగులను వేరే ల్యాబుకు పంపేవాడు, అది యజమానికీ తెలుసు, నాకూ తెలుసు. రోగులకు కూడా జ్వరానికి ఒక పేరు కావాలి. "ఏమీ లేదు, వైరల్ జ్వరం, మూడు రోజుల్లో పోతుంది" అంటే, "మరి ఇంత దూరం వచ్చింది దేనికి సార్?" అని ముఖం మాడ్చుకునేవారు. పేరు దొరికితే సెలైన్ ఎక్కేది, ఇంజెక్షన్లు పడేవి, ఐదో రోజు వైరల్ జ్వరం తనంతట తాను తగ్గేది, టైఫాయిడ్ నయమైందని అందరూ సంతోషించేవారు. ఆ సంతోషం కింద పోయిన యాంటీబయోటిక్‌ల ఫలితం తరువాతి సంవత్సరాల్లో క్రిములను పెంచి చూసే మా కల్చర్ ప్లేట్లలో కనబడింది. ఒకప్పుడు టైఫాయిడ్‌కు వాడిన మాత్రలు ఒక్కొక్కటిగా పనిచేయడం మానేశాయి.

టైఫాయిడ్ అనుమానం నిజంగా ఉంటే చేయవలసింది బ్లడ్ కల్చర్. అది కూడా యాంటీబయోటిక్ మొదటి డోసు పడకముందే రక్తం తీయాలి. అది విడాల్ కంటే ఖరీదు, ఫలితానికి రెండు మూడు రోజులు ఆగాలి, ఒక్కోసారి జబ్బు ఉన్నా క్రిమి పెరగదు. అయినా పెరిగితే మాత్రం ఏ మందు పనిచేస్తుందో కూడా అదే చెబుతుంది. తక్కువ పరీక్షలు చేయమని నేను అంటున్నానని ఎవరైనా అనుకుంటే, ఇక్కడ నేను ఎక్కువ ఖరీదైనదాన్నే చేయమంటున్నానని గమనించాలి.

డెంగీ విషయం దీనికి భిన్నంగా ఉంటుంది. ఇక్కడ సరైన పరీక్షే చేస్తారు, తప్పు అంకె చూస్తారు. డెంగీ వార్డులో బంధువులందరి నోటా ప్లేట్‌లెట్ల లెక్కే. పొద్దున 62 వేలు, సాయంత్రం 48 వేలు, రాత్రికి ఎంత అని ఫోన్ల మీద ఫోన్లు. ఒకే రోజు మూడుసార్లు రక్తం లాగిన సందర్భాలు నాకు గుర్తున్నాయి. యంత్రం తక్కువ సంఖ్యల దగ్గర ప్లేట్‌లెట్లను సరిగా లెక్కపెట్టలేదు. ముద్దకట్టిన ప్లేట్‌లెట్లను అది అసలు గుర్తించదు. 48కీ 41కీ మధ్య తేడా చాలాసార్లు రోగిలో వచ్చిన తేడా కాదు, యంత్రంలోని తేడా. అనుమానం వస్తే స్లైడు వేసి మైక్రోస్కోపు కింద చూసి సరిచూసుకోవాలి, ఆ ఓపిక ఉన్న ల్యాబులు తగ్గిపోయాయి. రక్తస్రావం లేని డెంగీ రోగికి ప్లేట్‌లెట్లు 10 వేల లోపుకు పడితే తప్ప ముందుజాగ్రత్తగా ఎక్కించనవసరం లేదని మన దేశపు మార్గదర్శకాలే చెబుతున్నాయి. డెంగీలో ప్రాణం తీసేది ఎక్కువగా ప్లేట్‌లెట్లు తగ్గడం కాదు, రక్తనాళాల నుంచి ప్లాస్మా అనే ద్రవభాగం బయటికి కారిపోయి రక్తం చిక్కబడి బీపీ పడిపోవడం. ఆ చిక్కదనాన్ని చెప్పే అంకె పీసీవీ, అదే హిమటోక్రిట్. మొదటి రోజు కంటే అది 20 శాతం పెరిగిందంటే ప్రమాదం తలుపు దగ్గరకు వచ్చినట్టే. అది అదే సీబీపీ కాగితంలో, ప్లేట్‌లెట్లకు నాలుగు వరుసల పైన, డబ్బు కట్టి చేయించుకున్న అంకెగానే ఉంటుంది. దాన్ని అడిగిన బంధువును నేను ఒక్కరిని కూడా చూడలేదు.

ఆసుపత్రిలో చేరిన రోగులకు రోజూ పొద్దున తీసే రక్తం గురించి రెండు మాటలు. ఐదు గంటలకు ట్రే పట్టుకుని వార్డులోకి వెళ్తే, నిన్న మామూలుగా వచ్చిన సోడియం, పొటాషియం, క్రియాటినిన్ ఈరోజు మళ్లీ తీయమని చీటీ ఉంటుంది. ఆ రోగి అప్పటికే ఇడ్లీ కోసం ఎదురుచూస్తూ కూర్చుని ఉంటాడు. 'డైలీ' అని ఎవరో ఒకసారి రాస్తే డిశ్చార్జి దాకా అది ఆగదు. నిద్రలో లేపిన ముసలాయన పిడికిలి గట్టిగా బిగిస్తే, కట్టిన పట్టీ ఎక్కువసేపు ఉంచితే, సన్నని సూదితో తొందరగా లాగినప్పుడు రక్తకణాలు పగిలితే పొటాషియం లేనిది ఉన్నట్టు పెరిగి వస్తుంది. దానికి మళ్లీ రక్తం, ఈసీజీ, హడావిడి. రక్తం తీయడమే మానుకున్న రోజున ఆ ప్రమాదం ఉండదు.

ఇంతవరకు చెప్పిందంతా చదివి పరీక్షల మీదే నాకు కోపమని అనుకోవద్దు. నా వృత్తి జీవితంలో అన్నింటికంటే విలువైన పరీక్ష ఏదని ఎవరైనా అడిగితే క్షణం ఆలోచించకుండా 20 నిమిషాల పరీక్ష అంటాను. వేరుశనగ పీకే రోజుల్లో, రాత్రి పూట నీళ్లు కట్టడానికి చేలోకి పోయిన రోజుల్లో పాముకాటు మన జిల్లాలకు కొత్త కాదు. కరిచింది రక్తపింజరో, చిన్నపింజరో, విషం లేని పామో చాలాసార్లు తెలియదు, చీకట్లో ఎవరూ చూసి ఉండరు. రోగి రక్తం రెండు మిల్లీలీటర్లు ఒక కొత్త, శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో పోసి, కదపకుండా 20 నిమిషాలు మామూలు గది వేడిలో ఉంచి, తరువాత ఒక్కసారి వంచి చూడాలి. గడ్డకట్టి ఉంటే సరే, మళ్లీ కొన్ని గంటల్లో చూడాలి. నీళ్లలా కారితే పింజర విషం రక్తంలోకి వెళ్లిందని అర్థం, విషానికి విరుగుడు ఇంజెక్షన్ వెంటనే మొదలుపెట్టాలి. కరెంటు అక్కరలేదు, రీజెంటు అక్కరలేదు, కొన్ని రూపాయల గాజు గొట్టం చాలు. దీని చుట్టూ ఉన్న నియమాలు కూడా ముచ్చటగా ఉంటాయి. గొట్టం ప్లాస్టిక్‌ది కాకూడదు, రక్తం గడ్డకట్టే క్రియను రేపేది గాజే. సబ్బు పొడితో కడిగిన పాత గొట్టం కూడా పనికిరాదు, ఆరోగ్యవంతుడి రక్తం కూడా అందులో గడ్డకట్టకపోవచ్చు.

నేను చివరగా పనిచేసిన ల్యాబులో లక్షల ఖరీదు చేసే యంత్రాలు మూడు ఉండేవి. ఒక రాత్రి పత్తికొండ వైపు నుంచి ఒక కుర్రవాణ్ని తెచ్చారు, పాదం వాచి ఉంది. డ్యూటీ డాక్టరు కొత్తగా వచ్చిన అమ్మాయి. చీటీ మీద గడిలో 'పాముకాటు, 2 గంటలు, 20 నిమిషాల పరీక్ష' అని ఆమె చక్కగా రాసింది. ల్యాబంతా వెతికినా ఒక్క గాజు గొట్టం దొరకలేదు. అన్నీ ప్లాస్టిక్ వాక్యూటైనర్ గొట్టాలే. చివరికి నేనే బండి వేసుకుని, ఇంకా మూయని ఒక సర్జికల్ షాపుకు పోయి అరడజను గాజు గొట్టాలు తెచ్చాను. రక్తం గడ్డకట్టలేదు, మందు మొదలుపెట్టారు, నాలుగో రోజు వాడు నడుచుకుంటూ వెళ్లాడు. మరునాడు యజమానితో ఒక పెట్టె గాజు గొట్టాలు తెప్పించమన్నాను. 'దానికెంత చార్జి చేయగలం?' అని అడిగాడు. విలువకూ ధరకూ ఎంత దూరమో ఆ ఒక్క మాటలో నాకు తెలిసింది.

కారణాలు అందరికీ తెలిసినవే కాబట్టి తొందరగా చెబుతాను. భారత వైద్య మండలి 2002 నాటి వృత్తి నియమావళి, రోగిని పంపినందుకు కమీషను ఇవ్వడాన్నీ తీసుకోవడాన్నీ నిషేధించింది. అయితే ఆ నియమాలు రిజిస్టరులో పేరున్న డాక్టర్లకే వర్తిస్తాయి; పల్లెలో ఉన్న ఆర్ఎంపీ ఆ రిజిస్టరులో లేడు, చాలా ల్యాబుల యజమానులూ లేరు. వినియోగదారుల చట్టం వైద్యానికి కూడా వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1995లో చెప్పాక, రేపు ఎవరైనా కేసు వేస్తే చూపించడానికి కాగితం ఉండాలనే భయం మంచి డాక్టర్లలో కూడా చేరింది. ఆ తీర్పు తప్పని నేననను, దాని నీడ మాత్రం చీటీల మీద పడింది. బంధువులు గుంపుగా వచ్చి గొడవ చేసే రోజుల్లో ఆ భయం రెట్టింపయింది. ఉదయం ఓపీలో ఎనభై మందిని చూడవలసిన డాక్టరుకు, కడుపు మీద చెయ్యి వేసి చూడటం కంటే స్కానింగ్ రాయడానికి తక్కువ సమయం పడుతుంది. మన వంతు కూడా లేకపోలేదు. "ఒక్క పరీక్ష కూడా రాయలేదు, వాడేం డాక్టరప్పా" అనే మాట బస్టాండు దగ్గర టీ అంగడిలో ఎన్నిసార్లు విన్నానో.

ఇది మన ఒక్కరి రోగం కాదు. అమెరికాలో 2012లో 'చూజింగ్ వైజ్లీ' పేరుతో ఒక ఉద్యమం మొదలైంది. ఒక్కొక్క విభాగపు వైద్యుల సంఘమే తమ శాఖలో ఆలోచించకుండా చేయకూడని ఐదు పనుల జాబితా రాసుకోవాలి, ఇతరుల తప్పులు కాదు, తమవే. ప్రమాద లక్షణాలు లేని నడుము నొప్పికి మొదటి ఆరు వారాల్లో ఎంఆర్ఐ తీయవద్దనడం, స్థిరంగా ఉన్న రోగికి రోజూ రక్తపరీక్షలు వద్దనడం ఆ జాబితాల్లోవే. మన క్యాన్సర్ వైద్యులు కూడా 2019లో మన దేశానికి తగినట్టు పది అంశాల జాబితా తయారుచేసుకున్నారు. దక్షిణ కొరియా కథ మరీ విచిత్రమైనది. ఇతర క్యాన్సర్ల పరీక్షలకు వచ్చినవారికి గొంతు స్కానింగ్ కూడా తక్కువ ధరకు చేయడం మొదలుపెట్టేసరికి, 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ల సంఖ్య 1993తో పోలిస్తే 15 రెట్లయింది. ఆ క్యాన్సర్‌తో చనిపోయేవారి సంఖ్య మాత్రం మారలేదు. అంటే వేలాదిమంది తమకు ఏ హానీ చేయని గడ్డల కోసం గ్రంథి తీయించుకుని, జీవితాంతం మాత్ర మింగవలసి వచ్చింది. శుక్లాల ఆపరేషనుకు ముందు అందరికీ చేసే రక్తపరీక్షలు, ఈసీజీల వల్ల ఉపయోగం ఉందా అని 19 వేలకు పైగా ఆపరేషన్ల మీద పరిశీలన జరిపి 2000లో ఫలితం ప్రకటించారు. చేసినవారిలోనూ చేయనివారిలోనూ ఇబ్బందులు సమానంగానే వచ్చాయి. మన దగ్గర శుక్లాల రోగి చీటీలో ఆ పరీక్షలు నేటికీ వరుసగా అచ్చయి ఉంటాయి.

అచ్చు అన్నాను కాబట్టి, నేను కళ్లారా చూసిన ఒక ప్రయోగం చెప్పాలి. చాలా ఆసుపత్రుల చీటీలో పరీక్షల పేర్లన్నీ ముందే అచ్చువేసి, పక్కన టిక్కు పెట్టడానికి చిన్న చిన్న గళ్లు ఉంటాయి. అది హోటల్ మెనూ లాంటిది, చూస్తే ఆకలి వేస్తుంది. నేను పనిచేసిన ఒక చోట, పైన చెప్పిన పెద్ద ఫిజీషియనే, ఆ చీటీ తీసేయించి ఖాళీ గీతలున్న చీటీ వేయించారు. ఏ పరీక్ష కావాలో డాక్టరు చేత్తో రాయాలి, ఎందుకో గడిలో రాయాలి, గడి ఖాళీగా ఉంటే ల్యాబు ఫోను చేసి అడగాలి. ఎవరికీ ఉపన్యాసం ఇవ్వలేదు, ఎవరినీ తిట్టలేదు. నెల తిరిగేసరికి మా రిజిస్టరులో పేజీలు తగ్గాయి. విడాల్ దాదాపు కనబడకుండా పోయింది, బ్లడ్ కల్చర్ సీసాలు రెట్టింపు ఖర్చయ్యాయి. మాకూ పని మీద గౌరవం కలిగింది. ప్రశ్న తెలిస్తే జవాబు వెతికే తీరే వేరుగా ఉంటుంది. 'తీవ్ర రక్తహీనత, ప్లీహం పెద్దది' అని రాసి ఉంటే స్లైడు మీద మలేరియా కోసం ఇంకో పది నిమిషాలు ఎక్కువ చూస్తాం. ఆరు నెలల తరువాత ఆదాయం లెక్క చూసుకున్న యాజమాన్యం పాత చీటీనే మళ్లీ అచ్చువేయించింది. ఆ ఫిజీషియన్ అక్కడ మానేశారు.

రోగులు, వారి బంధువులు చేయగలిగింది ఏమైనా ఉందా అంటే, డాక్టరుతో వాదించమని నేను చెప్పను. పరీక్ష రాసినప్పుడు వినయంగా, "సార్, ఇది ఏం తేల్చడానికి? ఒకవేళ బాగుందని వస్తే మందు మారుతుందా, బాగాలేదని వస్తే మారుతుందా?" అని అడగవచ్చు. రెండు వైపులా అదే మందు అయితే, ఆ పరీక్ష రేపు చేసుకున్నా నష్టం లేదని డాక్టరే తరచుగా అంటారు. పాత రిపోర్టులు తేదీల వరుసలో పెట్టుకుని వెళ్తే చేసిన పరీక్షే మళ్లీ చేయడం సగం తప్పుతుంది. మన సంచుల్లో స్కానింగ్ ఫిల్ములు, రేషన్ కార్డు జిరాక్సులు, కరెంటు బిల్లులు కలిసి ఉంటాయి, పాపం డాక్టరు మాత్రం ఎంతని వెతుకుతాడు. అలాగే బీపీ చూపించుకోవడం, గర్భిణికి హిమోగ్లోబిన్, రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్లె పరీక్ష, షుగరు రోగికి మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ వంటివి మన పల్లెల్లో చేయవలసినంత చేయడం లేదు. అవి మానుకోవడం పొదుపు కాదు.

పదవీ విరమణ తరువాత ఇంట్లో కూర్చోలేక, మా అన్న కొడుకు నడిపే చిన్న ల్యాబులో వారానికి రెండు రోజులు కూర్చుంటున్నాను. చీటీలు ఇప్పటికీ అలాగే వస్తున్నాయి. రక్తం తీసే ముందు నేనే రోగిని అడుగుతాను: జ్వరం ఎన్ని రోజులు, ఇప్పటికే ఏమైనా మాత్రలు వేసుకున్నారా, రాత్రి ఏం తిన్నారు, ఏకాదశా. విన్నది గడిలో రెండు మాటల్లో రాసి పెడతాను. మొన్న ఒక ఆసుపత్రి మేనేజరు ఫోను చేసి, మీ పని రక్తం తీయడం, రోగుల దగ్గర వివరాలు సేకరించి చీటీ మీద రాయడం కాదు అని చెప్పాడు. మా వాడు భయపడి, "చిన్నాయనా, ఎందుకొచ్చిన గొడవ, మానేయి" అన్నాడు. అడగడం మానలేదు. రాయడం మాత్రం పెన్సిలుతో రాస్తున్నాను.